నాయన పేరు ఎక్కడ రాయాలి

ఇస్నాపూర్,
8 జనవరి 1995.

ఆగమ్మ అత్తమ్మకు,

ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెబుతాను. ఓటర్ల జాబితా కొత్తగా రాస్తున్నారు. ఈ నెల ముప్పై ఒకటి ఆఖరు తేదీ. ఇస్నాపూర్‌లో కిరాయి గదుల్లో ఉండేవాళ్ళ పేర్లు రాసే పని, సాయంత్రం పూట ఆడవాళ్ళకు చదువు చెప్పే మాలాంటి టీచర్లకు మండల ఆఫీసువారు అప్పగించారు. షంషేర్ గారి గదుల వరసలో సగం మన రేగులకుంట వాళ్ళే కదా. ఒక మనిషి పేరు ఒక్క చోటే ఉండాలని నియమం. ఇక్కడ రాస్తే అక్కడ కొట్టేస్తారు. ఈ సంగతి ఊళ్ళో వాళ్ళ ఇళ్ళలో నువ్వు ముందుగా చెప్పాలి. చెప్పకపోతే కంగారు పడతారు. ఈ జాబు నీకు చదివి వినిపించే ఫజలుద్దీన్ మామ ఈ వాక్యాన్ని కుట్టుమిషను ఆపి రెండుసార్లు చదవాలని నా మనవి.

ఇక్కడ ఎవరూ ముందుకు రావడం లేదు. దేవమ్మ కొడుకు కొమురయ్యను అడిగాను.

"నా ఓటు ఊళ్ళె ఉన్నది టీచరమ్మా. ఆడనే ఉండనియ్యి" అన్నాడు.

"ఎన్నిసార్లు వేసినవు?" అన్నాను.

"ఎయ్యలే. పోయినసారి పోతే, నీది అయిపోయింది, బువ్వ తిని పో అన్నరు. తిని వచ్చిన."

"అయిపోవుడేంది?"

"ఎవలో ఏసిండ్రు. మంచిగనే ఏసుంటరు" అన్నాడు. అతనికి కోపమేమీ లేదు. ఆ పూట మటన్ బాగుందని కూడా చెప్పాడు.

షంషేర్ గారికి వేరే భయం. "ఊర్ల పేరుంటే కిరాయిదార్ అంటరు. ఈడ పేరు రాస్తే రేపు గదికి మాలిక్ నేనే అంటరు" అని తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు.

నాయనతో అసలు మొదలే కాలేదు. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి అదే వాసనతో వస్తాడు, స్నానం చేస్తాడు, ఫారం కనబడితే గోడ వైపు తిరిగి పడుకుంటాడు. "పుట్టిన కాడ పేరుండాలె" అని ఒక్కసారి అన్నాడు. అమ్మ నా వైపూ లేదు, ఆయన వైపూ లేదు. అన్నం వైపు ఉన్నది.

ఈ జాబుతో వాచకం పంపుతున్నాను. మొదటి పేజీలో నీ పేరు, రేగులకుంట, ఇస్నాపూర్ అని మూడు మాటలు పెద్ద అక్షరాలతో రాశాను. రోజూ ఒకసారి వాటి మీద దిద్దు. ఇక్కడ నా క్లాసులో నీకంటే పెద్దవాళ్ళు దిద్దుతున్నారు.

నీ మేనకోడలు,
కౌసల్య

*

రేగులకుంట,
19 జనవరి 1995.

బిడ్డా కౌసల్యా,

నేను ఎట్ల చెప్తె గట్లనే రాయాలె, నీ సోకులు పెట్టకు అని ఫజలుద్దీన్‌కు ముందుగాలనే చెప్పిన. కాబట్టి ఇది నా మాటే అనుకో.

నీ జాబు విన్న. మస్తు సంతోషమైంది. రాయి బిడ్డా. ఒక్కర్ని సుత ఇడువకు. మనోళ్ళ పేర్లు ఆడ ఉంటే ఆడ బలం, ఈడ ఉంటే ఈడ బలం. మనిషికి రెండు కాళ్ళున్నయి గదా. కొట్టేస్తరు గిట్ల అని రాసినవట. అది ఆఫీసోళ్ళు భయపెట్టేటందుకు చెప్పే మాట. బోరు ఏస్తమని సుత వాళ్ళే చెప్పిండ్రు, ఏసిండ్రా.

నిన్ను చూసి నేను సుత కింది వాడల తిరుగుతున్న. కోడండ్లుగ వచ్చి పిల్లల పెండ్లిళ్ళు చేసినోళ్ళకు సుత ఇంక పేరు లేదు. పేరు రాస్తే ఆపరేషన్ చేస్తరా అని ఒకతె అడిగింది. నీకు ఆపరేషన్ అయ్యి పదేండ్లయింది, మళ్ళ ఏం చేస్తరే అన్న. బడి సారు ముందట కూసుంటే ఒక్కతి మొగని పేరు చెప్పది. నోట్ల కొంగు పెట్టుకుంటది. ఇగ అందరి మొగల పేర్లు నేనే చెప్పిన. నాకేంది, నా మొగలు కారు గదా. నా మొగని పేరు కాడికి వచ్చినంక నేను నోట్ల కొంగు పెట్టుకున్న. అది పక్కామె చెప్పింది.

బాయి కాడ ఎప్పటి లెక్కనే ఉన్నది. పాత సర్పంచు బర్లు తాగినంకనే మాకు.

నీ పుస్తకం ముట్టింది. గూట్ల పెట్టిన. ఎలుకలు కొట్టకుంట పైన రాయి పెట్టిన.

మీ అత్త ఆగమ్మ

ఇది రాసిన ఫజలుద్దీన్ సలాం. అమ్మా, నువ్వు చెప్పిన వాక్యం రెండుసార్లు కాదు, మూడుసార్లు చదివాను. రెండు కాళ్ళ మాట ఆ తరువాత అన్నదే. నేను కుట్టుపని వాణ్ణి, ఎదురు చెప్పలేదు.

*

ఇస్నాపూర్,
12 ఫిబ్రవరి 1995.

అత్తమ్మకు,

పని పూర్తయింది. మన ఊరివాళ్ళు ఒక్కరూ మిగలలేదు. ఒక్కర్ని సుత ఇడువకు అని నువ్వు రాసిన జాబును గదుల మధ్య నిలబడి అందరికీ చదివి వినిపించాను. ఆగమ్మ అక్క చెప్పిందంటే ఇగ రాసుకో అన్నారు. నేను నెల రోజులు చెప్పినదానికంటే నీ ఒక్క జాబు ఎక్కువ పనిచేసింది.

నేను చెప్పినదీ కొంత పనిచేసిందనుకుంటాను. ఇక్కడ మన వరస మొత్తానికి ఒకటే నల్ల. నీళ్ళు వచ్చే టైముకు బిందెలు వరసలో పెట్టి మనుషులు నిలబడి ఉంటారు. వాళ్ళు కదలరని నాకు తెలుసు, అందుకే అక్కడే మాట్లాడాను. ఏ నల్ల కాడ నిలబడుతున్నామో ఆ నల్ల కోసమే కదా ఓటు, ఊళ్ళో ఓటు ఉంటే ఇక్కడ నల్ల ఎవరు వేస్తారు అన్నాను. షంషేర్ గారికి కూడా అదే చెప్పాను. నల్ల వస్తే గదులకు గిరాకీ పెరుగుతుందని ఆయన తనకు తానే అనుకున్నారు. ఇప్పుడు ఆయనే గదుల తలుపుల మీద సున్నంతో నంబర్లు వేయించారు.

రేగులకుంట జాబితాలో పేర్లు కొట్టేయడానికి అక్కడి మన మండల ఆఫీసుకు కాగితాలు పోవాలి. ఇక్కడి గుమాస్తా వాటిని చూసి, "పోస్టుల పంపుతం గని, గవి ఎన్నడు చేరవమ్మా" అన్నాడు. చేరకపోతే ఒక మనిషి పేరు రెండు చోట్ల ఉండిపోతుంది, అది తప్పు. అందుకని సెలవు పెట్టి, ఆ కాగితాలు నేనే తీసుకొని బస్సులో వెళ్ళి, మన మండల ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం చేయించుకున్నాను. అక్కడివాళ్ళు ఇలా ఎవరూ తెచ్చివ్వలేదన్నారు. ఊరికి రావాలనుకున్నాను, తిరుగు బస్సుకు వేళయింది.

నాయన ఆఖరున సంతకం పెట్టాడు. నేను నేర్పిన సంతకమే. పెట్టి, కలం నా చేతికిచ్చి, "అయిందా" అన్నాడు. ఆ పూట అన్నం వద్దన్నాడు. కడుపులో బాగాలేదేమోనని వాము ఇచ్చాను.

పుస్తకం మీది రాయి తీసి రోజూ దిద్దుతున్నావా? జవాబు రాయి.

కౌసల్య

*

రేగులకుంట,
10 మే 1995.

బిడ్డా,

ఒక పెద్ద ముచ్చట. ఈసారి మన ఊరి సర్పంచు కుర్సీ ఆడోళ్ళకు వచ్చింది. పాత సర్పంచు తన పెండ్లాం అరుణమ్మను నిలబెడుతుండు. ఎదురుంగ ఎవ్వలు నిలబడరు, ఏకగ్రీవమే అని చాయ్ తాపిండు. అరుణమ్మ మంచిదే. ఆమెకు ఇంక చెప్పలేదట, నన్నే అడిగింది, నిజమేనా అక్కా అని.

నేను నిలబడుతున్న.

నవ్వకు. కింది వాడకు బోరు ఏస్తమని ఆయన మూడుసార్లు కొబ్బరికాయ కొట్టిండు. కొబ్బరి తిన్నం. బోరు లేదు. మొన్న ఎండలకు బాయి అడుగు కనబడ్డది. బర్లు తాగి పొయ్యేదాక బిందెలు పట్టుకొని నిలబడ్డం. ఒక బర్రె నన్ను చూసి తల తిప్పుకున్నది. దానికి సుత తెలిసింది అనుకున్న. గప్పుడే పంచాయతి కాడికి పోయి నా పేరు చెప్పిన.

ఊళ్ళె ఉన్నోళ్ళు సగం ఆయన దిక్కు. నాకు ధైర్యం ఒక్కటే, మన ఇస్నాపూర్ పోరగాండ్లు. వాళ్ళంత మనోళ్ళే. ఓట్ల దినం అందర్ని లారీల తోలుకొని రా. నువ్వు రెండు దిక్కుల పేర్లు రాసి మంచి పని చేసినవ్. నిన్ను బడికి తోలమని నీ నాయనతోని కొట్లాడిన దినం, ఇది నాకు ఇట్ల అక్కరకొస్తదని అనుకోలే.

నీ నాయనకు చెప్పు, ముందు వరసల నిలబడాలె అని. తోడబుట్టినోడు ముందుంటే ఎన్క పది మంది వస్తరు.

మీ అత్త

ఫజలుద్దీన్ సలాం. కొట్టేసిన సంగతి మళ్ళీ చెప్పబోయాను. "నువ్వు రాయి" అన్నది. రాశాను.

*

ఇస్నాపూర్,
17 మే 1995.

అత్తమ్మకు,

ఈ జాబు వినేటప్పుడు కూర్చొని విను.

ఇస్నాపూర్‌లో ఉన్న మనవాళ్ళలో ఒక్కరికి కూడా రేగులకుంటలో ఓటు లేదు. నాయనకు కూడా లేదు. ఇక్కడ రాశాము కాబట్టి అక్కడ కొట్టేశారు. ఆ జాబితాను బట్టే పంచాయతీ ఎన్నికలు. ఇది ఆఫీసువాళ్ళు భయపెట్టే మాట కాదు. ఆ కాగితాలు నేనే తెచ్చి ఇచ్చాను.

జనవరిలోనే రాశానని చెప్పడానికి ఇది రాయడం లేదు. నువ్వు వేరేగా అనుకున్నావని నీ జాబులోనే తెలిసింది. రెండు కాళ్ళ మాట చదివి నవ్వుకున్నానే కానీ, తిరిగి రాసి సరిచేయలేదు. అది నా తప్పు.

నీ జాబు వచ్చిన మరునాడే మన మండల ఆఫీసుకు వెళ్ళాను. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశారు. మళ్ళీ రాయమని అడిగాను. "ఎలక్షన్ ముంగట పడ్డది. ఇగ జాబితా ముట్టద్దు" అన్నారు. పైగా వాళ్ళు ఉండేది ఇస్నాపూర్‌లో. అక్కడ ఉంటున్నట్టు రాస్తే అబద్ధమవుతుంది. అది నేను రాయలేను, రాయమని అడగను కూడా.

మన ఊళ్ళో పంచాయతీ కాడ జాబితా చదివారట కదా. కొమురయ్య పేరు రాలేదని విని, పేరు కొట్టేసేది చనిపోయినవాళ్ళదే కదా అనుకొని, దేవమ్మ మొదటి బస్సుకు ఇక్కడికి వచ్చింది. కొమురయ్య షిఫ్టు దిగి నిద్రపోతున్నాడు. పాదాలు పట్టి చూసింది. వెచ్చగా ఉన్నాయి. లేపి, అన్నం తినిపించి, తరువాత నా తలుపు ముందుకు వచ్చి నిలబడింది. "బతికున్నోన్ని కొట్టేసినవ్ గదనే" అన్నది. నేను నియమం చెప్పాను. మొత్తం విని, "గట్లనా. అయితే మీ అత్తకెవలు ఏస్తరు" అన్నది.

ఆ మాట నాయన విన్నాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. ఒక్కటే అన్నాడు. "మా అక్కను ఓడగొట్టేటందుకా నిన్ను సదివిపిచ్చింది?"

నిలబడటం మానుకోవద్దు.

కౌసల్య

*

రేగులకుంట,
29 మే 1995.

కౌసల్యకు,

నువ్వు రాసిన పేర్లు నువ్వే గదా రాసింది. మళ్ళ నువ్వే రాయి. రాసే చెయ్యి నీదే గదా. గంత దూరం బస్సెక్కి పోయి కొట్టేయించినవ్, గదే బస్సెక్కి పోయి రాయించలేవా? మీ చదువుల కొట్టేసుడు ఒక్కటే నేర్పుతరా?

ఊళ్ళె నాకు మొఖం లేదు. బాయి కాడ అందరు ఒకటే మాట, ఆగమ్మకు తన తమ్ముని ఓటే లేదట అని. పాత సర్పంచు మనిషిని తోలిండు. నిలబడుడు బందుపెట్టు, నిన్ను ఉపసర్పంచు చేస్త అన్నడు. బోరు ఏసినంక మాట్లాడుదాం అన్న. కొబ్బరికాయ తెస్త అన్నడు.

నేను బందుపెట్ట. గుర్తు సుత వచ్చింది, కత్తెర. గని గెలుస్తనని ఇప్పుడు నాకు లేదు. ఓడితే ఆ బాయి కాడికే పోవాలె, ఆ బర్లెన్కనే నిలబడాలె. ఇన్నేండ్లు ఒట్టిగ నిలబడ్డ. ఇగ ఓడి నిలబడాలె. అది వేరే ఉంటది బిడ్డా.

నీకు ఇగ జాబు రాయ. నీది వచ్చినా చదివిపిచ్చుకోను.

ఆగమ్మ

ఫజలుద్దీన్ సలాం. చదివించుకోనన్నది కానీ, పోస్టు వచ్చిందా అని రోజూ అడిగి పోతున్నది. కత్తెర గుర్తు వచ్చినందుకు నాకు సంతోషమే. గిరాకీలు మాత్రం నేను ప్రచారం చేస్తున్నానని మిషను మీది కత్తెర కనబడకుండా పెట్టమంటున్నారు. ఇంకొక సంగతి. జాబితా చదివిన రోజు నుంచి పాత సర్పంచు ముఖం బాగాలేదు. లాల్చీ కొలతలకు వచ్చి, కొలతలివ్వకుండానే వెళ్ళిపోయాడు. ఆగమ్మ ఓట్లు పోతే ఆయనకు చింత ఎందుకో నాకు తెలియలేదు.

*

ఇస్నాపూర్,
14 జూన్ 1995.

అత్తమ్మకు,

చదివించుకోనన్నావు కాబట్టి చిన్నగా రాస్తున్నాను.

ఓట్ల రోజున మనవాళ్ళంతా రేగులకుంటకు వస్తున్నారు. నేను పిలవలేదు. ఓటు లేనివాళ్ళు పోతే లాభం లేదని నల్ల దగ్గర నిలబడి స్పష్టంగా చెప్పాను. కొమురయ్య, "ఓటు ఉన్నప్పుడు సుత తినొచ్చుడే గదా టీచరమ్మా. ఇప్పుడు ఒట్టిగ చూసొస్తం" అన్నాడు. ఓటు లేనివాళ్ళకు ఈసారి అన్నం కూడా ఎవరూ పెట్టరని చెప్పాను. సద్ది కట్టుకుంటామన్నారు. లారీ వాళ్ళే మాట్లాడుకున్నారు. నాయన సెలవు చీటీ రాసివ్వమని నా ముందు కాగితం పెట్టాడు. కారణం ఏమని రాయాలని అడిగాను. "అక్క" అన్నాడు. నెల రోజుల తరువాత నాతో అన్న మొదటి మాట. అలాగే రాశాను.

ఇస్నాపూర్ పోలింగు రెండో విడతలో. ఆ రోజుకు అందరూ తిరిగి రావాలని మాట తీసుకున్నాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. కింది వాడ ఆడవాళ్ళ పేర్లు జనవరిలో నువ్వే రాయించావు. వాళ్ళు ఇంతవరకు ఎవరికీ ఓటు వేయలేదు. ఇంటింటికీ మళ్ళీ పో. మొగుళ్ళ పేర్లు చెప్పవలసిన పని ఈసారి లేదని, తమ పేరు చెబితే చాలని చెప్పు.

కౌసల్య

*

రేగులకుంట,
30 జూన్ 1995.

బిడ్డా,

గెలిచిన.

రెండుసార్లు లెక్కపెట్టిండ్రు. మొదటిసారి గెలిచిన్నని పాత సర్పంచు నమ్మలే. రెండోసారి గెలిచిన్నని నేను నమ్మలే.

ఎట్లయిందో చెప్త. పొద్దుగాల బడి ముందట వరస పెట్టిండ్రు. మీ ఇస్నాపూర్ లారీ వచ్చింది. మనోళ్ళకు ఓటు లేదు గదా, బడి గోడ పొంటి నిలబడ్డరు. గాళ్ళను చూసి పాత సర్పంచు మనుషులు మొఖాలు మొఖాలు చూసుకున్నరు. గప్పటికే ఒకడు లోపటికి పోయిండు. చేతుల చీటీలున్నయి. తలుపు కాడికెల్లి నాకు అంత ఇనబడ్డది.

ఓట్లు ఏపిచ్చే సారు పేరడిగితే, "లింగం, తండ్రి ఎల్లయ్య" అన్నడు. నా తమ్ముని పేరు.

"గీ పేరు కొట్టేసి ఉన్నది" అన్నడు సారు.

"కొట్టేసుడేంది సారూ. లింగం ఇస్నాపూర్‌ల ఉంటడు. ఆయనది ఈడ మేమే ఏస్తం. ఎప్పటిసంది మేమే ఏస్తున్నం, ఎవలనన్న అడుగు" అన్నడు. దొంగతనం లెక్క చెప్పలే బిడ్డా. పక్కింటోళ్ళ దూడకు గడ్డి ఏస్తున్న అన్నట్టు చెప్పిండు.

నీ నాయన గోడ కాడికెల్లి వచ్చిండు. "నేనే లింగాన్ని" అన్నడు. గట్టిగ సుత అనలే.

సారు వాన్ని చూసిండు, వీన్ని చూసిండు. "ఇద్దరికి ఓటు లేదు. ఇద్దరు బయటికి పోండ్రి" అన్నడు.

ఎన్కనే ఇంకోడు కొమురయ్య పేరు చెప్పిండు. కొమురయ్య బడిల హాజరు చెప్పినట్టు చెయ్యి లేపిండు. గంతే. చీటీలోళ్ళు ఒకరెన్క ఒకరు ఇంటికి పోయిండ్రు. గప్పుడు తెలిసింది నాకు, ఆయన ఇన్నేండ్లు గెలిచింది ఊళ్ళె లేని మనోళ్ళ ఓట్లతోని అని. నేను మన పోరగాండ్లు నా బలం అనుకున్న. వాళ్ళు ఆయన బలమని ఆయనకొక్కనికే తెలుసు.

ఇగ కింది వాడ ఆడోళ్ళు. ఒక్కతి తప్పలే. వరసల నిలబడి సారుకు తమ పేరు గట్టిగ చెప్పిండ్రు. ఒకామె పేరు నేను అదే మొదటిసారి విన్న. ఇన్నేండ్లు పెద్దోని తల్లి అనే పిలుస్తున్న.

అరుణమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. మెల్లగ, "నేను సుత కత్తెరకే గుద్దిన అక్కా, ఆయనకు చెప్పకు" అన్నది. ఇది రాయొద్దని ఫజలుద్దీన్ అన్నడు. రాయమన్న.

నువ్వు పేర్లు కొట్టేయించబట్టే నేను గెలిచిన అని ఇప్పుడు ఊరంత అంటున్నరు. నేను ఒప్పుకోను. తెలిసి చేస్తే మంచి చేసినవ్ అంటరు. నువ్వు తెలువక చేసినవ్. ఒక్కటి మాత్రం నాకు గొంతుల ముల్లు లెక్క ఉన్నది. ఊరంత ఏసినా నా తమ్ముని ఓటు నాకు పడలే. గోడ కాడ పరాయోని లెక్క నిలబడ్డడు. గెలిచినంక సుత గోడ కాడనే ఉన్నడు. పిలిస్తే వచ్చి, "మంచిగైంది అక్కా" అని లారీ ఎక్కి పోయిండు.

వాని పేరు మళ్ళ ఈడ రాయి. జల్దీ రాయి. సర్పంచు చెప్తున్నది.

ఆగమ్మ

ఫజలుద్దీన్ సలాం, ముబారక్. నా బిడ్డ కాన్పుకు జహీరాబాద్ పోతున్నాను. జులై ఇరవై ఏడుకు గాని రాను. అప్పటిదాకా ఇక్కడ రాసేవారు లేరు. పంచాయతీ కాగితాల మీద వేలిముద్ర ఎక్కడ పెట్టాలో తానే చూపిస్తానని పాత సర్పంచు మీ అత్తకు కబురు చేశాడు. ఫజలుద్దీన్ వచ్చినంక చూద్దాం అని చెప్పి పంపింది.

*

ఇస్నాపూర్,
11 జులై 1995.

సర్పంచు ఆగమ్మ అత్తమ్మకు,

ఈసారి కూడా తేదీ ఉన్నది కాబట్టే రాస్తున్నాను. జాబితాలో మార్పులు ఈ నెల ముప్పై ఒకటి దాకా తీసుకుంటారు. ఇది ఎవరితో చదివించుకోవాలో నాకు తెలుసు. నీ పక్కింటి పిల్ల ఆరో తరగతి. చదవడం వచ్చు, రాతలో తప్పులు పోతాయి. అందుకని విడమరిచి రాస్తున్నాను.

తెలియక చేశానన్నావు. నిజమే. ఒప్పుకుంటున్నాను.

ఇక్కడి సంగతి. నాయన లారీ దిగి, ఒక రోజు పనికి పోయి, మరునాడు ఇస్నాపూర్ పోలింగులో వరస మొదట నిలబడ్డాడు. ఆయన జీవితంలో తన ఓటు తాను వేయడం ఇదే మొదటిసారట. ఊళ్ళో ఎప్పుడు పోయినా అయిపోయే ఉండేదట. ఇది నాకు ఇంతవరకు చెప్పలేదు. ఎవరికి వేశావని అడగలేదు, అడగకూడదని నేనే అందరికీ చెప్పాను. ఎడమ చేతి వేలి మీది సిరా చూపించాడు. చేతులు కడిగేటప్పుడు ఆ వేలు పక్కకు పెట్టి కడుగుతున్నాడు. అమ్మ సబ్బు ఇస్తే, "దీనికి వద్దు" అన్నాడు. పోలింగుకు ముందు గదుల వరసకు మొదటిసారి ఓట్లడగడానికి మనిషి వచ్చి, చెప్పులు విడిచి, మీ పేర్లేందని అందరినీ అడిగాడు. నాయన తండ్రి పేరుతో సహా చెప్పాడు. రెండో నల్లకు గుంత తవ్వారు. పైపు రాలేదు.

ఇక నువ్వు చెప్పిన పని. నాయన పేరు రేగులకుంటలో రాయడానికి ఫారం తెచ్చి నింపాను. నివాసం అన్న చోట ఖాళీ ఉన్నది. అక్కడ రేగులకుంట అని రాస్తే ఆయన అక్కడే ఉండాలి. గడ్డపోతారం పని మానుకోవాలి. ఇక్కడ ఉంటూ అక్కడ రాయడం నేను చేయను, సర్పంచు చెప్పినా చేయను. నువ్వు గెలిచింది అట్లాంటి పేర్లు లేకపోవడం వల్లనే కదా.

నాయనను అడిగాను. "నువ్వు ఎక్కడ ఉంటవు?" "అక్కనడుగు" అన్నాడు. నీకెట్లా ఉందని మళ్ళీ అడిగాను. సిరా వేలు చూసుకున్నాడు. "అక్క రమ్మంటే పోవాలె గదా" అన్నాడు. పోవాలని ఉందని అనలేదు. పోనని అనలేదు. మాట్లాడటం మొదలుపెట్టాడు, నాకు ఇప్పటికి అది చాలు.

కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఒక్క మాట చాలు. రేగులకుంట అంటే ఫారం నేనే పట్టుకొని బస్సెక్కుతాను. నాయనను కూడా తీసుకొస్తాను. ఇస్నాపూర్ అంటే ఫారం చింపేస్తాను. ఆ రెండు మాటలూ వాచకం మొదటి పేజీలో ఉన్నాయి, వాటి పైన నీ పేరు ఉన్నది. రాయి తీస్తే కనిపిస్తాయి. బడి సారు ఉన్నారు కానీ, ఇంటి సంగతి నువ్వు బయటివాళ్ళతో రాయించవు. పాత సర్పంచుతో అసలే రాయించవు.

నా చిరునామా రాసిన కార్డు జతపరిచాను. వెనక వైపు ఖాళీగా ఉన్నది. నీ చేత్తోనే ఒక మాట, దాని కింద నీ పేరు. అక్షరాలు వంకరపోయినా నేను చదువుకుంటాను, నాయన కూడా చదువుకుంటాడు.

ఫజలుద్దీన్ మామ ఇరవై ఏడు దాకా రారని తెలుసు. ఇరవై అయిదో తేదీలోగా జవాబు రాయి.

కౌసల్య